వేరే మందు

బెంగళూరులో రైలు దిగేసరికి సన్నగా తుంపర పడుతోంది. చేతిలో నల్ల ట్రంకు, భుజాన కిట్‌బ్యాగు, నెత్తిన చుట్టిన పరుపు. స్టేషన్ బయట ఆర్మీ లారీ నిలబడి ఉంది. డ్రైవరు నా మూవ్‌మెంట్ ఆర్డరు చూసి హిందీలో అన్నాడు: "పీస్ పోస్టింగ్. అదృష్టవంతుడివి."

నాకూ అలాగే అనిపించింది. అంతకుముందు మంచుకొండల్లో పనిచేశాను. చలికి నల్లబడ్డ వేళ్ళకు కట్లు కట్టాను. గుండు తగిలిన మనిషిని స్ట్రెచర్ మీద కొండ దింపాను. ఇక్కడ మంచు లేదు, కాల్పులు లేవు. మా ఊరు గౌరిబిదనూరు పక్కనే. ఆదివారం సెలవు దొరికితే ఇంట్లో భోంచేసి రావచ్చు.

తొంభైల మధ్యకాలం అది. నేను ఆర్మీలో నర్సింగ్ అసిస్టెంటుని. ఊళ్ళో ఇప్పటికీ అడుగుతుంటారు, "సర్వీసులో యాడ బాగా భయపడితివి రమణప్పా?" అని. కొండల పేరు చెబుతానని ఎదురుచూస్తారు. నేను బెంగళూరు అంటాను. నవ్వుతారు.

వార్డు పాతది. రాతి గోడలు, పెంకుల కప్పు, పొడవాటి వరండా. బయట సిల్వర్ ఓక్ చెట్లు, వాటి వెనక ఖాళీ స్థలం నిండా వయ్యారిభామ గడ్డి. ఆ గడ్డి పూత మీదుందంటే ఊరంతా తుమ్ములే. సిపాయి నుంచి కల్నల్ దాకా జేబులో రుమాలు లేనివాడు లేడు.

వానలు వెనకబట్టాక ఒక సిగ్నలర్ వచ్చాడు. లాన్స్ నాయక్, రేడియో ఆపరేటరు, కదిరి వైపు మనిషి. ఈశాన్యపు అడవిలో ఒక పోస్టు నుంచి విమానంలో తెచ్చారు. భుజాల ఎముకలు చొక్కాలోంచి పొడుచుకొస్తున్నాయి. నాలుక మీద పుండ్లు. నెలల తరబడి జ్వరం. మొదట క్షయ అనుకున్నారట. లోపలి కండ ముక్క తీసి పరీక్షిస్తే తేలింది. ఊపిరితిత్తుల్లోనూ కాలేయంలోనూ ఫంగస్.

"బూజా?" అన్నాడు సిగ్నలర్. "రొట్టె మీద పడతాదే, అదా మేడమ్?"

ఆయన అడిగింది మా మేజర్ డాక్టర్ని. ఆమెది గుంటూరు. వార్డులో తెలుగువాడు కనిపిస్తే తెలుగులోనే మాట్లాడేది.

"దాని అన్నలాంటిది. మీ పోస్టులో గబ్బిలాలు ఉండేవా?"

"ఉండె మేడమ్. పాత గోడౌన్‌లో రేడియో సెట్టు పెట్టుకుంటిమి. ఆ పెంటంతా నేనే ఊడ్చినా."

"ఆ దుమ్ములోనే ఉంది. పీల్చావు."

ముందు డ్రిప్‌తో మందు ఎక్కించాం. అది ఎక్కుతుంటే మనిషి వణికిపోయేవాడు. మూడు రగ్గులు కప్పి పైన నేను చేతులు అదిమి పట్టేవాణ్ణి. పళ్ళు టకటక కొట్టుకునేవి. ఆ మందు రక్తంలో పొటాషియాన్ని లాగేస్తుంది, అది తగ్గితే గుండె లయ తప్పుతుంది. అందుకని రోజూ రక్తం తీసి పంపేవాళ్ళం. జ్వరం దిగాక మాత్రల మీదికి మార్చారు. కీటోకోనజోల్. నెలల పాటు మింగాలి.

మేజర్ మంచం పక్కన నిలబడి చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. "భోజనంతో పాటు వేసుకో. కడుపుమంట అని తెల్ల సిరప్ తాగావంటే ఇది ఒంటికి పట్టదు. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, అన్నం సయించకపోయినా వెంటనే చెప్పు. లివర్ పరీక్ష మానొద్దు. బాగుంది కదా అని మధ్యలో ఆపొద్దు. ఇంకోమాట. నన్ను అడక్కుండా వేరే మందు ముట్టొద్దు."

"ముట్టను మేడమ్."

అంతే ఖచ్చితంగా ఉన్నాడు కూడా. ఆయన యూనిట్ వంటవాడు సెలవు మీద పోతూ చూడ్డానికి వచ్చి, ఫ్లాస్కులో రమ్ము తెచ్చాడు. మూత తీస్తే వార్డంతా వాసన. సిగ్నలర్ ఫ్లాస్కు వెనక్కి తోశాడు. "మందు ముట్టనని మేడమ్‌కు మాటిచ్చినా. రోజర్. ఔట్" అన్నాడు, రేడియోలో మాట ముగించినట్టు. వంటవాడు తిట్టుకుంటూ పోయాడు. మేము నవ్వుకున్నాం.

సిగ్నలర్ అక్క బెంగళూరు శివారు వర్తూరులో ఉండేది. చెరువు కింద ఆకుకూరలు వేసే కుటుంబం. ఒక బస్సు మారి ఇంకో బస్సెక్కి, చేతిలో క్యారియర్‌తో వచ్చేది. తల్లి లేని తమ్ముణ్ణి ఆమే పెంచింది. రాగిముద్ద పిసికి, ఆకుకూరల మసొప్పు పులుసులో అద్ది, పుండ్లు మానుతున్న నోటికి చిన్నచిన్న ఉండలు అందించేది.

"నిదానంగా మింగప్పా. ఎవురూ ఎత్తకపోరు" అనేది.

సిగ్నలర్ చెంపలు కాస్త నిండాయి. వరండాలో నడిచేవాడు. తుమ్ములు మాత్రం పట్టుకున్నాయి. ఆ కాలంలో అందరికీ ఉన్నవే. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళ. అక్క మంచం అంచున కూర్చుని ఉంది. నేను రెండు మంచాల అవతల ఒకతనికి కట్టు విప్పుతున్నాను. సిగ్నలర్ ఏదో చెబుతూ నవ్వుతున్నాడు. నవ్వు మధ్యలో ఆగింది.

"అక్కా, తల తిరుగు..."

పళ్ళెం నేలమీద పడిన చప్పుడు. నేను వెళ్ళేసరికి కళ్ళు పైకి పోయాయి. మెడ దగ్గర వేళ్ళు పెట్టాను. ఏమీ లేదు. మళ్ళీ పెట్టాను. లేదు. నేలమీదికి దించి రొమ్ము మీద రెండు అరచేతులూ ఆనించి నొక్కడం మొదలుపెట్టాను. బాగవుతున్న మనిషి. రాగిముద్ద అంటు ఇంకా పెదవి మీదే ఉంది. కొండల్లో చూసిన చావులకు కారణం కనిపించేది. ఇక్కడ ఏమీ లేదు. అదే భయం.

నర్సమ్మ షాక్ మిషను ట్రాలీ తోసుకొచ్చింది. మేజర్ పరుగున వచ్చింది. మానిటరు మీద గీత కొండలూ లోయలూ కాదు, తాడును పురి తిప్పుతున్నట్టు మెలికలు తిరుగుతోంది. షాక్ ఇచ్చారు. గుండె కొట్టుకుంది. ఊపిరి పీల్చాం. అంతలోనే గీత మళ్ళీ మెలిపడింది. మళ్ళీ షాక్.

"ఇది మామూలు గుండెపోటు కాదు" అంది మేజర్. "ఏదో పడింది ఒంట్లో. ఏం తీసుకున్నాడు? రమణా, ఆమెనడుగు!"

అక్క గోడకు అతుక్కుని నిలబడి ఉంది. యూనిఫారాలు, అరుపులు, హిందీ, ఇంగ్లీషు. మేజర్ అడిగితే తల అడ్డంగా ఊపింది. నేను దగ్గరికి వెళ్ళి మా ఊరి మాటలో అడిగాను.

"అక్కా, నిన్ను ఎవురూ ఏమీ అనరు. నీ తమ్ముడు పోతాండాడు. ఏమిచ్చినావో చెప్పు."

"ఏమీ ఈలేదప్పా. దేవుని మీద ఒట్టు. ముద్ద తెచ్చింటి. అంతే."

"బిళ్ళలు?"

"బిళ్ళలా..." ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "జలుబు బిళ్ళ. అదేం మందప్పా? మా వీదిలో అందరూ మింగుతారు. తుమ్ములు తగ్గలేదంటే రొండు రొండు మింగమంటి."

దిండు కింద చెయ్యి పెట్టి ఒక బిళ్ళల పట్టీ తీసిచ్చింది. సగం ఖాళీ. మేజర్ వెనక్కి తిప్పి పేరు చదివింది. ఆస్టెమిజోల్. ఆమె ముఖంలో రంగు పోవడం చూశాను.

"మెగ్నీషియం. సిరలోకి. త్వరగా. పొటాషియం కూడా చూడండి."

మెగ్నీషియం ఎక్కాక గీత కుదుటపడింది. ఐసీయూకి తరలించాం. వరండాలో మేజర్ నాకు వివరించింది. తనకు తానే చెప్పుకుంటున్నట్టు చెప్పింది. ఫంగస్ మాత్ర కాలేయంలో దారికి అడ్డం పడుతుంది. మామూలుగా అక్కడ కరిగిపోవాల్సిన జలుబు మాత్ర కరగదు. పేరుకుంటుంది. పేరుకుని గుండె లయను చెడగొడుతుంది. పైగా డ్రిప్ వల్ల పొటాషియం అప్పటికే అంతంతమాత్రం.

"కడుపులో ఉంటే కడిగేసేవాళ్ళం. ఇది రోజుల తరబడి ఒంట్లో ఉంటుంది, రమణా. ఎప్పుడు మళ్ళీ లయ తప్పుతుందో చెప్పలేను."

ఫంగస్ మాత్ర ఆపాలి. ఆపితే ఫంగస్ లేస్తుంది. తిరిగి డ్రిప్ పెడితే పొటాషియం పడిపోతుంది. పడిపోతే గుండె. మందుపాతరలున్న మైదానంలో నిలబడి, ముందుకూ వెనక్కూ అడుగెయ్యలేని స్థితి. చివరికి పొటాషియం ఎక్కిస్తూ, గుండె స్థిరపడిందనుకున్నాక, కొద్దికొద్దిగా డ్రిప్పే పెట్టారు.

సిగ్నలర్ మర్నాటికి తెలివిలోకి వచ్చాడు. రొమ్మంతా నొప్పి. గొంతు బొంగురు. మేజర్‌ను చూడగానే అన్న మొదటి మాట ఇది:

"నేను మందు ముట్టలేదు మేడమ్. ఒట్టు. రమణన్ననడుగు. రమ్ము తెస్తే కూడా వద్దంటి."

నాకు అప్పుడు అర్థమైంది. ఆమె మందు అన్నది. ఆయన మందు అనే విన్నాడు. ఇద్దరిదీ తెలుగే. ఒకరికి అది మాత్ర, ఇంకొకరికి అది సీసా. జలుబు బిళ్ళ ఆయన విన్న మాటలో ఎక్కడా లేదు.

ఆ రోజు నుంచి ఆమె ఏ రోగికీ 'వేరే మందు' అని చెప్పలేదు. "జలుబు బిళ్ళ, నొప్పి బిళ్ళ, గ్యాస్ మాత్ర, నిద్రమాత్ర, బీపీ మాత్ర, లేహ్యం, కషాయం, సారా" అని వేళ్ళు మడుస్తూ చెప్పేది. రోగి చేత తిరిగి చెప్పించుకునేది. హిందీవాళ్ళ చేత హిందీలో.

ఐసీయూలో ఆయన గుండె ఇంకో రెండుసార్లు లయ తప్పింది. రెండుసార్లూ నేను అక్కడే డ్యూటీలో ఉన్నాను. ఆ తర్వాత తప్పలేదు. జలుబు మాత్ర ఒంట్లోంచి పూర్తిగా పోయిందని నమ్మకం కుదిరాకే కీటోకోనజోల్ మళ్ళీ మొదలుపెట్టారు. మొదటి మాత్ర అరచేతిలో పెట్టుకుని ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత అన్నం ముద్దతో మింగాడు. నెలల కోర్సు పూర్తి చేశాడు. లివర్ నిలిచింది. అడవి పోస్టులకు పనికిరాడని రాసి టెలిఫోన్ ఎక్స్ఛేంజికి మార్చారు. పెన్షన్ మీద వచ్చాక కదిరిలో ఎస్‌టీడీ బూత్ పెట్టుకున్నాడు.

ఆ జలుబు మాత్ర కొన్నేళ్ళకు మన దేశంలోనూ అమ్మకం ఆగిపోయింది. ఆ ఫంగస్ మాత్రను ఇప్పుడు వేరే దారి లేనప్పుడు తప్ప వాడరట. వాటి జాగాలో వేరే పేర్లొచ్చాయి. వాటికీ పడని జతలున్నాయి.

బెంగళూరులో నా టెన్యూర్ ముగిసింది. ఇంకో రెండు పోస్టింగులు చేసి, రెండువేల సంవత్సరం దాటాక ఊరికొచ్చేశాను. ఊళ్ళోవాళ్ళు తామర తగ్గలేదనో, గోళ్ళు పుచ్చాయనో షాపులో చెప్పి తెచ్చుకున్న మాత్రలు పట్టుకుని మా అరుగు మీదికి వస్తారు. ఇంట్లో ఉన్నవన్నీ తెమ్మంటాను. బీపీవి, షుగరువి, తుమ్ములవి, అన్నీ. అన్నిటినీ సంచిలో వేయించి డాక్టరు దగ్గరికి పంపుతాను. "మిలిటరీవాడికి చాదస్తం" అంటారు. అననీ.

వాళ్ళకు చెప్పనిది ఒకటుంది. ఐసీయూ తలుపుకు గుండ్రటి అద్దం ఉండేది. లోపలికి రానివ్వకపోతే అక్క దాని అవతల నిలబడేది. ఆమెకు మానిటరు కనిపించదు, చప్పుడు వినిపించదు. ఆమెకు కనిపించేది నేనొక్కణ్ణే. గీత ఎలా ఉందో నా ముఖంలో చూసి తెలుసుకునేది. రెండోసారి గుండె తప్పినప్పుడు నేను తలెత్తకూడదనుకున్నాను. ఎత్తాను. అద్దానికి నుదురు ఆనించి ఉంది. ఆమె ఊపిరికి అద్దం మసకబారుతోంది. చేత్తో తుడుస్తోంది. మళ్ళీ మసకబారుతోంది. మళ్ళీ తుడిచి, నా ముఖంలోకే చూస్తోంది.