ఆనపకాయ బుర్రలు, రెండో భాగం

జగిత్యాలలో నేను వెళ్లే కోచింగ్ సెంటర్‌కు కూలర్ ఒకటే ఉంది. మధ్యాహ్నం దాని గడ్డి తడిసి నాచు పట్టిన రాయి వాసన వేసినప్పుడల్లా, ఎదురుగా తెర మీద ఉన్న ప్రశ్న పోయి, కోరుట్ల అవతల మా అమ్మమ్మ వాళ్ల పొలంలోని బావి కనిపిస్తుంది. ప్రశ్న పోయినందుకు నాకు పెద్ద విచారమేమీ లేదు. తెర మూలనున్న గడియారం మాత్రం పోదు, దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది.

జూనియర్ కాలేజీలో ఇన్నేళ్లు లెక్కలు చెప్పాక నాకు పై చదువు మీద మనసు పుట్టింది. దానికో ప్రవేశ పరీక్ష, వచ్చే ఆదివారమే. ఇది పోతే ఏడాది పోతుంది. చదువుకోవడానికి సెలవిస్తానన్న మా ప్రిన్సిపాల్ గారు వచ్చే ఏడు కూడా అదే మాట మీద ఉంటారని ఆయనకే నమ్మకం లేదు. లెక్కలతో నాకు పేచీ లేదు. పేచీ అంతా పరీక్ష పద్ధతితో. అందులో పాసు లేదు, ఫెయిలు లేదు. ప్రతి విభాగం రెండు ముక్కలు. మొదటి ముక్క మనం ఎట్లా చేశామో చూసుకుని, రెండోది ఏమివ్వాలో కంప్యూటరే తేల్చుకుంటుంది.

"మొదటిది మంచిగ చేస్తే రెండోది కష్టమొస్తది మేడం," అన్నారు సెంటర్ నడిపే సారు.

"మంచిగ చేసినందుకా?"

"మంచిగ చేసినందుకే."

ఈ సంగతి ఆయన నాకు చెప్పింది నమూనా పరీక్ష అయిపోయాక. అప్పటికే నేను రెండో భాగం తెరిచి, మొదటి ప్రశ్నకే చెమటలు పట్టి, మొదటి భాగం మొత్తం తగలేశానని తీర్మానించుకుని, మిగతా జవాబులన్నీ చేతికొచ్చినట్లు నొక్కేసి బయటపడ్డాను. తీరా చూస్తే మొదటి భాగం దాదాపు అంతా ఒప్పే. ఇట్లా మోసపోవడం నాకు కొత్త కాదు. ఎనిమిదేళ్లప్పుడే ఒకసారి అయింది.

అప్పుడు మేము సిరిసిల్లలో ఉండేవాళ్లం. పగలూ రాత్రీ గుడ్డ నేసే సాంచాల చప్పుడులో పుట్టి పెరిగినందువల్ల, వేసవి సెలవులకు అమ్మమ్మ వాళ్ల ఊరు వెళితే మొదటి రెండు రాత్రులు ఆ నిశ్శబ్దానికి నిద్ర పట్టేది కాదు. మూడో నాటికి సర్దుకునేదాన్ని. పొద్దున్నే మొక్కజొన్న రవ్వతో వండిన మక్క గట్క, అందులోకి చల్ల, పక్కన మామిడికాయ తొక్కు. ఎండ ముదిరే వేళకు తాటి ముంజలు, బొటనవేలితో తోడి తాగుతుంటే మోచేతుల దాకా కారి గౌను గట్టిపడేది. సాయంత్రం వాకిట్లో చల్లిన నీళ్ల వాసన, పచ్చీసు ఆటలో అమ్మమ్మ గవ్వలు విసిరే తీరు, ఓడిపోతుందనుకుంటే ఆమెకు హఠాత్తుగా బర్రె గుర్తుకొచ్చే తీరు, అన్నీ ఇప్పటికీ కళ్ల ముందున్నాయి.

ఆ వేసవిలో మల్లేశం మామ దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. అమ్మకు తమ్ముడు. రెండేళ్లకోసారి వచ్చేవాడు. వస్తే ఇల్లంతా సెంటు వాసన, డబ్బా నిండా నారింజ పొడి, పులి బొమ్మ ఉన్న కంబళి. మే నెలలో ఆ కంబళిని మంచం మీద పరిచి, వచ్చినవాళ్లందరి చేత అమ్మమ్మ దాన్ని తాకించేది. చెమటలు కక్కుతూ అందరూ మెచ్చుకునేవారు.

సెలవు అయిపోయేలోపల నాకూ, పెద్దమ్మ కొడుకు శీనుకూ ఈత నేర్పించాలని మామ పట్టు పట్టాడు. మునగకుండా తేలడానికి ఎండిన ఆనపకాయ బుర్రలు తలా మూడు నారతాడుతో మా వీపులకు కట్టి, బావి నీళ్లలోకి తోసి, తాను మెట్ల మీద కూర్చుని బీడీ ముట్టించేవాడు. బోధన అంతే. ఆ పచ్చటి నీళ్ల చల్లదనం, గోడల్లోంచి వేలాడే వేర్లు, పైన పావురాల రెక్కల చప్పుడు, తడిసిన బుర్రల నుంచి వచ్చే ఒక రకం పాత గింజల వాసన నాకు ఎంత నచ్చాయంటే, భయపడాలన్న సంగతి కొన్నాళ్లు గుర్తే రాలేదు.

ఒకరోజు మామ నా వీపు మీది బుర్ర ఒకటి విప్పేశాడు. శీనుకు మూడూ ఉన్నాయి. వాడు ఒడ్డు రాయిని వదిలినవాడు కాడు, అయినా ఉన్నాయి. నేను నా నేరమేమిటా అని ఆలోచించాను. నారింజ పొడిని నీళ్లు కలపకుండా నాకినట్లు తెలిసిపోయి ఉంటుంది. శిక్ష సరే అనుకుని ఊరుకున్నాను. కొన్నాళ్లకు రెండోదీ విప్పాడు. ఈసారి నాకు ఏ నేరమూ గుర్తు రాలేదు. నీళ్లలో పడి, ఎటో కొట్టుకుని, ఏదో రాయి దొరికితే పట్టుకుని బావి మారుమోగేలా ఏడ్చాను. అమ్మమ్మ పరుగున వచ్చింది.

"గది పిల్లరా, నీ దుబాయి ఒంటె కాదు."

"ఒంటెయితే ఇంత లొల్లి చెయ్యకపోయేది," అంటూ మామ మూడు బుర్రలూ మళ్లీ కట్టాడు. ఆ తర్వాత విప్పలేదు. సెలవు అయిపోయింది. శీను ఆ ఊరివాడు కనుక తర్వాత తనే నేర్చుకున్నాడు. మా గల్లీలో ఈదడానికి నూలు పీలికలు తప్ప మరేమీ లేవు. మామ మళ్లీ వచ్చేసరికి పెద్దపిల్లవవుతున్నావని నన్ను బావి వైపు పోవద్దన్నారు. ఈత నాకు ఇప్పటికీ రాదు.

నిన్న సాయంత్రం మామకు ఫోన్ చేశాను. దుబాయి మానేసి చాలాకాలమైంది, కోరుట్లలోనే ఉంటున్నాడు.

"అప్పుడు నా బుర్రలెందుకు ఇప్పినవ్ మామా?"

"ఈదుతున్నవని ఇప్పిన కోడలా. ఒక్క బుర్రతోని గీ గోడకెల్లి గా గోడకు పోయినవ్. రాయి పట్టుకున్నంక ఏడ్చినవ్."

"మరి గా మాట అప్పుడే చెప్పద్దా?"

"చెప్తే కిందికి చూస్తవ్. కిందికి చూస్తే మునుగుతవ్."

"మల్ల ఎందుకు కట్టినవ్?"

"ఏడ్చినవని కట్టిన."

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్ల తర్వాత కోపం తెచ్చుకోవడం అనవసరమే గాని, వచ్చింది. పరీక్ష సంగతి చెప్పాను.

"మెట్ల మీద ఎవరు కూసుంటరు?" అన్నాడు.

"ఎవ్వరుండరు. అంతా కంప్యూటరే. తప్పులు చేస్తే మల్ల కష్టంలేని అల్కటి ప్రశ్నలిస్తది."

"అయితే గది గూడ నా తీరుగనే," అన్నాడు కొంచెం సంతోషంగా. "గీసారైనా ఏడ్వకు."

బావి ఇప్పుడు లేదు. మట్టి పోసి, చదును చేసి, రంగు రాళ్లు పాతి ప్లాట్లు చేశారు. ఆనపకాయను ఎండనిచ్చే ఓపిక ఎవరికీ లేదు, అమ్మమ్మ లేదు, పులి కంబళి ఎవరింట్లో వెంట్రుకలు రాలుస్తోందో తెలియదు. ఈ మధ్యాహ్నం కూలర్ వాసనలో కూర్చుని ఆఖరి నమూనా పరీక్ష రాశాను. మొదటి భాగం అయింది. రెండోది తెరుచుకుంది. మొదటి ప్రశ్న రెండుసార్లు చదివినా తలా తోకా తెలియలేదు.

చెయ్యి వెనక్కి పోయి వీపు తడుముకుంది. అక్కడ బుర్ర లేదు. తెరకేసి చూస్తూ, కిందికి చూడకుండా, రెండో ప్రశ్నకు పోయాను.