పాట అయిపోయాక వినిపించిన నాన్న

మొన్న అమ్మకి కొత్త ఫోను కొని, పాతదాంట్లోని నంబర్లన్నీ ఎక్కించి చేతికిస్తే, ఆవిడ దాని రంగూ చూడలేదు, రూపూ చూడలేదు. "మీ నాన్న ఒచ్చీసినాడేటి ఇందులోకి?" అని అడిగింది. వచ్చాడమ్మా అని ఆ వీడియో తెరిచి చూపించేదాకా పాత ఫోను చేతిలోంచి వదల్లేదు. అసలు నాన్న ఫోనులోకి ఎలా వచ్చాడన్నది నా ఘనకార్యం, అందుకని కాస్త గొప్పగానే చెప్పుకుంటాను, ఏమీ అనుకోకండి.

క్యాసెట్లు పోయి పెళ్ళి వీడియోలు డీవీడీల్లోకి వచ్చిన రోజులు మన వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటాయి. మా చెల్లి పెళ్ళి ఆ రోజుల్లోనే, మందస దగ్గర మా ఊళ్ళో, ఇంటి ముందు పందిట్లో జరిగింది. ఆ తర్వాత మూడో యేడు నాన్న పోయాడు. ఫొటోలు బోలెడు మిగిలాయి గానీ, మనిషి గొంతు దాచుకోవాలన్న ఆలోచన అప్పట్లో ఎవరికుంది? కొన్నేళ్ళకి ఒకరోజు జీడిపిక్కలు ఎండబోస్తూ, తలెత్తకుండానే, ఆయన గొంతు ఎలా ఉండేదో జ్ఞాపకం రావడం లేదని అమ్మ నాతో అంది. అలాంటివి పైకి చెప్పుకునే మనిషి కాదు మా అమ్మ.

వెంటనే నాకు చెల్లి పెళ్ళి డీవీడీ గుర్తొచ్చింది. అమ్మ దగ్గర ఉండేది అక్కా బావా. ప్లేయరు పాడైపోయాక ఇక దీంతో పనేమిటనుకున్న మా బావ, దాని నడిమి కన్నంలోంచి కొబ్బరి తాడు దూర్చి, పిట్టలు బెదరడానికి పెరట్లో ఆరబోసిన వడ్ల మీద వేలాడదీశాడు. మావైపు చాలా ఇళ్ళలో డిస్కులకి పట్టే గతి అదే. నేను పెరట్లోకి వెళ్ళేసరికి మా చెల్లి పెళ్ళి గాలికి తళతళా తిరుగుతోంది. నేనన్న మాటలన్నీ ఇక్కడ రాయడం మర్యాద కాదు. బావ మాత్రం నవ్వి, "ఏటి మరదలా, పాడైపోయిన బిళ్ళకి ఇంత గోల సేత్తన్నావు? పిట్టలైనా సూత్తన్నాయి కదా పెళ్ళి!" అన్నాడు.

తాడు తెంపి బిళ్ళని సంచీలో వేసుకుని తిన్నగా నేనుండే పలాస వచ్చాను. అక్కడి ఫొటో స్టూడియో అతను దాన్ని వెలుగులోకి ఎత్తి చూసి, ఇన్ని గీతలు పడ్డాక ఏమీ రాదని తేల్చేశాడు. కాదు, రాదు అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళుమంట. ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్‌కి ఇంకా డిస్కు పెట్టే అర ఉంది. బిళ్ళని సబ్బునీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో నడిమి నుంచి అంచుకి తుడిచాను. గుండ్రంగా తుడిస్తే ఇంకా పాడవుతుందని ఎక్కడో చదివాను మరి. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి దింపుకుని, ఆ వీడియోని ఫోనులో ఆడే ఎంపీఫోర్‌గా మార్చమన్నాను. పచ్చి పనసకాయ ముగ్గడం కంటే నిదానంగా కదిలింది శాతం అంకె. తీరా చూస్తే, మనుషులు కదిలినప్పుడల్లా ఒంటి నిండా దువ్వెన పళ్ళలాంటి గీతలు. అవి పోగొట్టే గడి వెతికి, టిక్కు పెట్టి, మళ్ళీ మొదటి నుంచి మార్చాను. ఆదివారమంతా దానికే సరిపోయింది గానీ, బొమ్మ అద్దంలా వచ్చింది.

ఎగురుకుంటూ ఊరెళ్ళి అమ్మకి చూపించాను. నాన్న కనిపించాడు, నవ్వాడు, చేతులూపుతూ ఎవరికో ఏదో చెప్పాడు. కానీ మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలే! పెళ్ళింట్లో మనిషి గొంతు వినిపిస్తే పరువు పోతుందన్నట్టు ఆ కాలం వీడియోల వాళ్ళు అన్నిటి మీదా పాటలు పరిచేసేవారు కదా. రెండు గంటలూ నాన్న పెదవులు కదులుతూనే ఉన్నాయి. "బాగుందే" అని అమ్మ ఫోను తిరిగిచ్చేసింది. బావ ఎగతాళి కూడా చెయ్యలేదు, అదే నాకు మరీ కడుపుమంటగా అనిపించింది.

తిరిగొచ్చే బస్సులో ఉన్నట్టుండి తట్టింది, ఇందులో భోజనాలేవీ? మావైపు పెళ్ళి వీడియోలో తాళి కట్టడమైనా తప్పిపోవచ్చు గానీ, బంతి భోజనాలు తప్పిపోవు. ఎవరొచ్చారో, ఎవరు అలిగి రాలేదో తేలేది అక్కడే. ఇంటికొచ్చి మళ్ళీ డిస్కు పెట్టి చూస్తే, అందులో వీడియోలు రెండున్నాయి. ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తాను పొడుగాటిదాన్నే ఎంచుకుంటుంది. పక్కనున్న జాబితా తెరిచి చూడాలన్న తెలివి నాకు లేకపోయింది. పన్నెండు నిమిషాల ఆ చిన్నదాన్ని కూడా మార్చి, పైవారం అమ్మ ముందు పెట్టాను.

దాని మీదా పాటే. ఆకుల వరసలూ, వడ్డించే బకెట్లూ, పాటా సాగిపోతున్నాయి. ఇదీ ఇంతేననుకుంటూ ఉండగా పాట అయిపోయింది, బొమ్మ అవలేదు! ఇంకో పాట వెతకడానికి ఆ మహానుభావుడికి బద్ధకం వేసి ఉంటుంది, వాడు చల్లగా ఉండాలి. గరిటెల చప్పుడు మధ్య నుంచి నాన్న వచ్చాడు. "పనసకాయ కూర ఇటు రానేదేటి? బాబూ, ఆ కెమేరా కింద ఎట్టీసి ముందు కూకోని తిను." తర్వాత పక్కకి తిరిగి, "ఏమే, నువ్వు తిన్నావేటి?" అన్నాడు.

"తింతాను గానీ, ముందు నువ్వెల్లు, వియ్యాలోరు కూకున్నారు" అని అమ్మ ఫోనుకి జవాబు చెప్పింది.

బావ దగ్గరికి జరిగి, "మరదలా, ఇంకోపాలి ఎయ్యి" అన్నాడు. "నన్నెందుకు, పిట్టల్ని అడుగు బావా" అన్నాను. ఆ మాట అనడం కోసం వారం రోజులుగా కాచుకుని ఉన్నాను. రెండోసారి బతిమాలించుకుని గానీ వెయ్యలేదు.

ఇప్పుడు మా బావ వడ్ల మీద ఏ బిళ్ళ కట్టాలన్నా ముందు నాకు ఫోను చేస్తాడు. నేనేమో ఏ పెళ్ళికెళ్ళినా కెమేరా వాళ్ళ దగ్గరికెళ్ళి, భోజనాల మీద పాట వెయ్యొద్దని దెబ్బలాడి వస్తాను. వాళ్ళు సరేనంటారు. అయితే ఈమధ్య అక్కడ వినడానికి ఏముంది గనక? బంతులు పోయాయి, పళ్ళాలు పట్టుకుని నిలబడి ఎవరికి వారు తిని వెళ్ళిపోతున్నారు. వరసల మధ్య తిరుగుతూ, తిన్నావా అని అడిగే మనిషి కనబడడు. మా ఇంట్లో మాత్రం ఉన్నాడు. మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని అమ్మ ఫోను తెరుస్తుంది. ఆయన అడుగుతాడు. తింటానని చెప్పి, అప్పుడు కలుపుకుంటుంది.