మా హాల్లో కయాక్

మా ఇంటి హాల్లో, సోఫాకీ టీవీకీ మధ్య, కయాక్ అనే పన్నెండడుగుల సన్నటి పడవ ఒకటి ఆరు నెలలు కాపురం చేసింది. తోటలోని షెడ్డులో పట్టలేదు. మేముండేది ఇంగ్లండు నడిబొడ్డున, కోవెంట్రీలో. ఏ దిక్కుగా బయల్దేరినా సముద్రం చేరేలోపు ఫ్లాస్కులో టీ చల్లారిపోతుంది. అలాంటి ఊళ్లో కయాక్ ఎందుకమ్మా అని అడిగినవాళ్ల మీద నాకు ఒళ్లు మండేది.

నేను పుట్టి పెరిగింది కాకినాడ దగ్గర. పండుగప్ప పులుసు తిని పెరిగినదాన్ని. ఇక్కడ తల లేకుండా, తోక లేకుండా, ఐసులో గడ్డకట్టిన చేపను ఇరవై ఏళ్లుగా తిట్టుకుంటూనే తింటున్నాను. ఓ వేసవిలో డోర్సెట్ తీరంలో ఒక తెల్లజుట్టు ఆవిడ కయాక్ దిగి, వెండిలా మెరిసే సీ బాస్ చేప ఒకటి చేత్తో పట్టుకుని మా ముందునుంచే నడిచి వెళ్లింది. అచ్చం మా పండుగప్ప ముఖమే. నాకు పూనకం వచ్చినట్టయింది. నలభై రెండేళ్ల వయసులో కౌన్సిల్ పూల్‌కి వెళ్లి, ఐదేళ్ల పిల్లల పక్కన నిలబడి ఈత నేర్చుకున్నాను. ఆ తర్వాత కయాక్ కొన్నాను, పాతదే.

మా ఆయనది వరంగల్. సముద్రాన్ని దూరం నుంచి గౌరవించే మనిషి. ఒక రోజు పొద్దున్నే టీ కప్పుతో వస్తూ కాలి వేలు కయాక్‌కి కొట్టుకున్నారు.

"గిది ఇల్లా, పడవల రేవా?" అన్నారు, వేలు పట్టుకుని గంతులేస్తూ.

"చేప తెచ్చిన రోజు అనండి ఆ మాట!"

"ఎప్పుడు తెస్తవ్?"

పందెం అలా పడింది. అక్టోబరు చివర్లో, చలికాలం కోసం ఇక్కడ అందరూ గడియారాలు గంట వెనక్కి తిప్పే ఆదివారం లోపల, ఒక్కటంటే ఒక్కటి, నా చేత్తో పట్టిన సీ బాస్ మా వంటింట్లోకి రావాలి. నలభై రెండు సెంటీమీటర్లకి తగ్గితే ఈ దేశంలో వదిలేయాలి కాబట్టి అంతకన్నా పెద్దది. రాకపోతే కయాక్ అమ్మేయాలి. మాటంటే మాట అనుకున్నాం. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నేను ఆ సాయంత్రమే పులుసుకి వెడల్పాటి గిన్నె ఆర్డర్ పెట్టాను.

ఇక సరంజామా. మొదటి గాలం రాడ్ కొనేటప్పుడు నాలోని తెలుగు తల్లి నిద్రలేచింది. ఎదిగే పిల్లకి రెండు సైజులు పెద్ద గౌను కొన్నట్టు, పదకొండడుగుల రాడ్ కొన్నాను. ఒడ్డు మీద నిలబడేవాళ్లకి అది బాగానే ఉంటుంది. కయాక్‌లో నీటిమట్టం మీద కూర్చున్న మనిషికి దాని కొసలో చిక్కుకున్న దారం అందాలంటే, ఆ చివర ఇంకో మనిషి ఉండాలి. దాన్ని తిరిగి ఇచ్చేసి ఏడడుగులది తెచ్చుకున్నాను. కొట్లో అబ్బాయి నవ్వు ఆపుకుంటూ మార్చి ఇచ్చాడు.

కయాక్‌ని హాల్లోనే సింగారించాను. సీటు వెనక కూరగాయల క్రేట్ బిగించి, దానికి రెండు ప్లంబింగ్ పైపు ముక్కలు నిలబెడితే రాడ్లు పెట్టుకునే గొట్టాలయ్యాయి. ఎరగా వాడే రబ్బరు చేపలు ఖాళీ ఆవకాయ సీసాలోకి వెళ్లాయి. ఎంత కడిగినా వాటికి కాస్త ఇంగువ వాసన ఉండిపోయింది. సన్నటి అల్లిక దారాన్ని, కొసన ఉండే గాజులాంటి దారంతో కలిపే ముడి దగ్గర మాత్రం వీడియోలన్నీ నన్ను ఓడించాయి. చివరికి కళ్లు మూసుకుని, మల్లెపూలు కట్టేటప్పటిలా వేళ్లని వాటి దారిన వదిలేశాను. ముడి పడింది! రెండు చేతులా లాగినా జారలేదు. హాస్పిటల్ ఫార్మసీలో ఇరవై ఏళ్లుగా మందులిస్తున్నాను గానీ ఏ రోజూ అంత గర్వపడలేదు.

కయాక్‌లో కూర్చుని వంటింటి వైపు గాలం విసరడం సాధన చేశాను. గురి పప్పు గిన్నె. మొదటి వారంలో కర్టెన్ రెండుసార్లు, మా ఆయన స్వెట్టర్ ఒకసారి గాలానికి పడ్డాయి.

"నన్ను వడితె సైజు సరిపోతదా?" అన్నారాయన, భుజం మీద వేలాడుతున్న రబ్బరు చేపను చూసుకుంటూ.

నీళ్లలో పడిన వస్తువు మళ్లీ దొరకదు, ప్రతిదాన్నీ కయాక్‌కి కట్టుకోమని అందరూ చెప్పారు. ఎయిర్‌పోర్టుకి సూట్‌కేసుల్ని తాళ్లతో బిగించి పంపే జాతి మాది, ఇంక చెప్పాలా? తెడ్డు, రాడ్లు, వల, పట్టకారు, రేడియో, టిఫిన్ డబ్బా, కళ్లజోడు, అన్నీ కట్టేశాను. మొదటిసారి సముద్రంలో గాలం విసరబోతే టిఫిన్ డబ్బా ఎగిరొచ్చి మోకాలికి తగిలింది. దాంతో సగం తాళ్లు విప్పేసి, మిగతావాటిలో చిక్కుకుంటే కోసుకోవడానికి లైఫ్ జాకెట్ మీద చేతికందేలా చిన్న కత్తి పెట్టుకున్నాను.

వేసవంతా నాలుగుసార్లు వెళ్లాను. నాలుగుసార్లూ నాచు, రెండు పిల్ల బాస్‌లు. పిల్లల్ని వదిలేశాను. అక్టోబరు వచ్చేసింది. మిగిలింది ఆఖరి శనివారం ఒక్కటే. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. కయాక్ పోతుందంటే నిజంగానే దిగులుగా ఉంది.

ఆ శనివారం తెల్లవారకముందే లేచి, తలస్నానం చేసి, గుమ్మంలో దీపం పెట్టి, కారెక్కాను. కారు మీద కయాక్ పట్టీలు గాలికి ఈలలు వేయకుండా ముందు రాత్రే మెలితిప్పి బిగించి ఉంచాను. మా ఆయనే నడిపారు. పందేనికి సాక్షి కదా.

డోర్సెట్‌లో గాలి లేదు. ఆయన గులకరాళ్ల మీద కూర్చున్నారు, నేను నీళ్లలోకి తోసుకున్నాను. ఒక రాతి గుట్ట దగ్గర నీళ్లు సుడి తిరుగుతున్నాయి. మూడో విసురుకి దారం బిగిసింది. నాచనుకున్నాను. నాచు నన్ను లాక్కెళ్లడం మొదలుపెట్టింది! కయాక్ ముక్కు గిర్రున తిరిగింది. "ఏవండోయ్!" అని అరిచాను, "ఏవండోయ్, నన్ను లాక్కెళ్తోందండోయ్!" ఆయన లేచి నిలబడ్డారు. నాకు నవ్వాగలేదు. నవ్వుతూ, అరుస్తూ, రీలు తిప్పుతూ చివరికి దాన్ని వలలోకి తెచ్చాను. కొలబద్ద మీద పెడితే యాభై ఒకటి.

చేపని నీళ్లలోనే, వలలోనే ఉంచుకుని ఒడ్డుకి తెడ్డు వేశాను. మా ఆయన బూట్లతో సహా మోకాళ్ల లోతు నీళ్లలోకి వచ్చేశారు. "అబ్బ, ఎంతున్నదే!" అంటూ ముట్టుకోబోతే వీపు ముల్లు గుచ్చుకుంది. చిన్నపిల్లాడిలా నవ్వారు. ఆయన అలా నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో.

"రాత్రికే పులుసు!" అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. "ఇయ్యాల ఏం రోజే?"

"శనివారం."

"కార్తీక శనివారం."

దీపావళి సోమవారమే వెళ్లింది. పొద్దున దీపం పెట్టింది నేనే. ఈ నెలంతా మా ఇంట్లో కోడిగుడ్డు కూడా గుమ్మం దాటదు, మా అమ్మింట్లోనూ అంతే. వసంతంలో గడువు పెట్టుకున్నప్పుడు ఇద్దరం ఇంగ్లీషు క్యాలెండరే చూశాం.

"తీస్కపోదామంటె తీస్కపో," అన్నారాయన మెల్లగా. "నేను అడ్డం రాను. నేనైతే తినను."

ఫ్రీజర్లో పెట్టి నెల తర్వాత వండితే? ఐసులో గడ్డకట్టిన చేప. ఇరవై ఏళ్లు నేను తిట్టుకున్న చేప అదే కదా. వల ఒంచి, దాని పొట్ట కింద చెయ్యి పెట్టాను. "మీరు తోక పట్టుకోండి," అన్నాను. ఇద్దరం దాన్ని నీళ్లలో నిలబెట్టాం. మొప్పలు ఆడాయి. ఒక్కసారి ఒళ్లు విదిలించి, మా ఇద్దరి ముఖాల మీద నీళ్లు కొట్టి వెళ్లిపోయింది.

ఇద్దరం కయాక్‌ని కారు మీదకి ఎక్కించాం. పట్టీ బిగిస్తూ ఆయన అన్నారు, "చాప ఇంటికి రాలే. పందెం నువ్వోడినవ్. కయాక్ అమ్ముడే."

నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "మీరసలు మనిషేనా? యాభై ఒకటండీ! కళ్లారా చూశారు కదండీ!"

"చూసిన. అందుకే అమ్ముతమంటున్న." బూటు విప్పి నీళ్లు ఒంపారు. "గిండ్ల ఒక్కటే సీటున్నది. రెండు సీట్లది చూడు."

"మీకు ఈత రాదు కదండీ!"

"నీకు పుట్టంగనే వచ్చిందా?"

ఆ సోమవారం కౌన్సిల్ పూల్లో, నడుం లోతు నీళ్లలో, ఐదేళ్ల పిల్లల పక్కన కమ్మీని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు మా ఆయన. గట్టు మీద కూర్చుని నేను, రెండో సీటు వెనక క్రేట్ ఎలా బిగించాలా అని కాగితం మీద గీసుకుంటున్నాను.