చివరి కారు మా అత్తది

మా మేనత్త పోయింది. మొన్న ఆదివారం పొద్దున, గుంతకల్లులో మా ఇంట్లోనే, సగం తాగిన కాఫీ గ్లాసు పక్కన పెట్టి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుని మళ్లీ లేవలేదు. ముదిగుబ్బ దగ్గరి ఆమె సొంత పల్లెకే తీసుకుపోయి మట్టి చేసి వచ్చాం. ఈ శీర్షికలో నెలనెలా ఒక వీడియో గేమ్ ఆడి నా అభిప్రాయం రాస్తుంటాను కదా, ఈ నెల రాయాల్సిన కొత్త ఆట కూడా నా బల్ల మీద ఉంది. దాన్ని విప్పబుద్ధి కాలేదు. దానికి దుఃఖం ఒక్కటే కారణం కాదు. పాఠకులకు నేను ఒక నిజం బాకీ ఉన్నాను. ఇన్నేళ్లుగా నావనుకుని మీరు చదివిన అభిప్రాయాల్లో మంచివన్నీ ఆమెవే.

ఆమె గొర్రెల మనిషి. పెళ్లయిన మూడేళ్లకే మామ పోతే, ఆయన వదిలిన మందను ఒంటిచేత్తో మేపుకుంటూ బతికింది. తొంభైల చివర్లో వరసగా వానలు ఎగ్గొట్టాయి. మేత కోసం ఎక్కడెక్కడికో తోలుకుపోయి, ఇక నడిపించడం పాపమనిపించి, ఒకే సంతలో మందనంతా అమ్మేసింది. చేతికర్ర ఒక్కటి పట్టుకుని గుంతకల్లులో రైలు దిగింది. మా నాయన రైల్వేలో పని చేసేవాడు. తోడబుట్టిన అక్క అలా ఖాళీ చేతులతో రావడం చూసి ఆయన ఒక్క మాట కూడా అడగలేదు. వసారాలో మంచం వేశాడు, అంతే.

అప్పటికి నేను డిగ్రీ తప్పి, స్టేషన్ రోడ్డులో గేమ్ షాపు పెట్టుకుని ఉన్నాను. షాపంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు టీవీలు, రెండు గేమ్ పెట్టెలు, ఓ పది క్యాసెట్లు, రెండు బెంచీలు. అత్త మధ్యాహ్నం నాకు క్యారియర్ తెచ్చేది. ఆ ఎండకు షాపులో ఎవరూ ఉండేవాళ్లు కాదు. నేను తింటుంటే ఆమె తెర ముందు కూర్చుని, ఒళ్లో కర్ర అడ్డంగా పెట్టుకుని, బొమ్మల్ని చూస్తూ ఉండేది.

ఒకరోజు అడిగింది. "అల్లుడా, ఇవి నేను అదిలిస్తే కదుల్తాయా?"

"కదుల్తాయత్తా. నువ్వు యాడికి పొమ్మంటే ఆడికి పోతాయి."

"అట్లయితే ఇట్లియ్యి."

మొదటిసారి ఇచ్చింది కార్ల పందెం. దారంతా ఒకే తెర మీద కనిపించే ఆట. గుండ్రంగా తిరిగే బాట, నాలుగు కార్లు, మూడు చుట్లు. మూడు కార్లను యంత్రం నడుపుతుంది, నాలుగోది మనది. అందరూ చేసేట్టు ఆమె కూడా మీట నొక్కి పట్టుకుని దూసుకుపోతుందనుకున్నాను. పోలేదు. ఆగి, మూడు కార్లనూ ముందుకు పోనిచ్చి, వాటి వెనక బయలుదేరింది. ఒక కారు నూనె మరక మీద జారి గిర్రున తిరిగితే, దాని వెనకే నిలబడి, అది సర్దుకుని కదిలాక తను కదిలింది. అన్నం కలిపిన చేతితోనే వచ్చి గోల పెట్టాను.

"అత్తా, ఇది పందెం! ముందు పోవల్ల!"

"ముందు పోతే ఎనక ఏది తప్పిపోయిందో ఎట్ల తెలుస్తాది? నువ్వు తిను పో."

నాలుగింటిలో నాలుగోదిగా వచ్చింది. రిమోటు కింద పెట్టి, ముఖమంతా నవ్వుతో, "మూడూ ఇల్లు చేరినాయి అల్లుడా, ఒగటి కూడా తప్పిపోలేదు" అంది. మంద అమ్మి వచ్చాక ఆమె నవ్వగా చూడడం అదే మొదలు. అందుకని ఆట నియమం ఇంకోసారి వివరించే పని పెట్టుకోలేదు. ఆ తర్వాత ఎన్నేళ్లు ఆడినా ఆ ఆటలో ఆమెది చివరి కారే.

ఆమెకు నచ్చని ఆటలు చాలా ఉండేవి. పైనుంచి ఇటుకలు రాలే ఆటను రెండు రోజులు ఓపికగా ఆడింది. వరస నిండగానే మాయమైపోవడం ఆమెకు మింగుడు పడలేదు. "కరువు పనిలో గుంత తవ్విచ్చి, మల్లా ఆ గుంతే పూడ్పిచ్చినట్లుండాది. కట్టిందంతా పోతాంటే ఇంగ కట్టేదెందుకు?" అని లేచిపోయింది. ఇద్దరు వస్తాదులు కొట్టుకునే ఆటకు షాపులో యమా గిరాకీ. అత్త మాత్రం రెండు నిమిషాలు చూసి, "వీళ్లకు తగువేంది?" అని అడిగింది. తగువేమీ లేదు, ఊరికే కొట్టుకుంటారని చెప్పాను. "ఏం లేకుండానే ఇంత కసి ఉంటే, తగువుంటే ఇంగేం చేస్తారో. ఆర్పప్పా" అంది. మా సీమలో పుట్టి పెరిగిన ఆడమనిషి ఆ మాట అనడానికి కారణాలుంటాయి. నేను ఆర్పేశాను.

మనసారా మెచ్చుకున్నది ఒక్క ఆటనే. ఇద్దరు సిపాయిల ఆట అది. ఒక్కో సిపాయిని ఒక్కొక్కరు ఆడించాలి. ఇద్దరూ కలిసి నడిస్తేనే తెర ముందుకు జరుగుతుంది, తెర జరిగితేనే శత్రువులు వస్తారు. ఒకడు అంచుదాకా పోయినా, రెండోవాడు వెనకే ఉండిపోతే తెర అక్కడే ఆగిపోతుంది. షాపుకు వచ్చేవాళ్లు ఆ ఆగడం దగ్గరే తిట్టుకునేవాళ్లు. అత్తకు అదే ముచ్చట. "ఈ ఆట చేసినోడు ఎవరో గానీ, మేపినోడే అల్లుడా. ఎనకున్నోడు వచ్చేదాకా దారియ్యడు సూడు" అనేది. దాన్ని మేమిద్దరం కలిసి ఆడేవాళ్లం. ఎప్పుడూ వెనక సిపాయి ఆమె. శెనక్కాయలు ఒలుచుకుంటూ ఆడేది కాబట్టి ఆ పొట్టు ఆమె రిమోటు మీటల సందుల్లో ఇరుక్కుని, నొక్కినప్పుడల్లా కరకరమనేది.

ఈ పత్రిక వాళ్లు గేముల గురించి రాసేవాళ్లు కావాలని ప్రకటన వేసింది ఆ రోజుల్లోనే. రాద్దామని కూర్చుంటే నాకు ఒక్క ముక్క రాలేదు. బొమ్మలు బాగున్నాయి, శబ్దం బాగుంది, ఇంతకు మించి నాకు అభిప్రాయాలే లేవు. సిగ్గు విడిచి చెబుతున్నాను, రోజూ ఆరు గంటలు గేములు ఆడేవాడికి గేముల మీద సొంత మాట ఒక్కటీ లేదు. అప్పుడు అత్త మాటలు గుర్తొచ్చాయి. "ఈ పందెంలో ఒకసారి కావాలనే చివరన ఉండి ఆడి చూడండి. ముందున్నవాడికి కనిపించనివి చాలా కనిపిస్తాయి" అని రాసి పంపాను. వేశారు. పాఠకుల నుంచి ఉత్తరాలు వచ్చాయి. మళ్లీ రాయమన్నారు.

పత్రిక రాగానే అత్త అడిగింది. ఆమెకు చదువు రాదు. "ఏం రాస్తివప్పా, సదువు." చదివాను. చదువుతున్నంతసేపూ నా చెవులు కాలిపోతున్నాయి. ఆమె గడ్డం కింద కర్ర ఆనించుకుని అంతా విని, "నాకూ అట్లే అనిపిచ్చింది. మీ నాయనకు రాలేదు గానీ, నా బుద్ధి నీకొచ్చింది అల్లుడా" అని నా భుజం తట్టింది. నీ బుద్ధి రాలేదత్తా, నీ మాటలే ఎత్తి రాసుకున్నానని అప్పుడే చెప్పేస్తే ఐపోయేది. ఆ తట్టడం బాగుండి నోరు మూసుకున్నాను. అప్పటి నుంచి నెలనెలా అదే తంతు. ఆమె ఆడేది, అనేది. నేను రాసేవాణ్ని, చదివి వినిపించేవాణ్ని. ఆమె "నిజమే" అని తల ఊపేది.

కాలం మారింది. చేతి ఫోన్లు వచ్చాయి. వాటిలో పాము ఆట గురించి ఆమె అన్నది మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. తినేకొద్దీ పొడుగై, పొడుగయ్యేకొద్దీ తిరగడానికి చోటు లేక తన ఒంటికే తగిలి చచ్చే ఆ పామును చూసి, "కడుపు నిండినాక ఆపేదానికి మీట యాడుండాది?" అని ఫోనంతా వెతికింది. నేను దాన్ని కొంచెం చదువుకున్న భాషలో రాసి, కింద నా పేరు వేసుకున్నాను. ఓసారి పత్రిక వాళ్లు ఫొటో అడిగితే నాదే పంపాను. అచ్చులో చూసి, "బాగా పడినావు" అని మురిసిపోయి, చీర కొంగుతో ఆ కాగితం తుడిచింది.

షాపు మూతపడి, ఇంట్లోకి కంప్యూటర్ వచ్చాక ఒక సేద్యం ఆట తెచ్చాను. బావి మీద నొక్కితే నీళ్లు. మబ్బు మీద నొక్కితే వాన. మూడు నిమిషాల్లో పంట. గొర్రెలు కూడా ఉన్నాయి, వాటికి మేత అక్కరలేదు. ఆమెకు ఇష్టమవుతుందని ఎంతో ఆశపడి పెట్టాను. అరగంట ఆడింది. మబ్బు మీద నొక్కింది, వాన పడింది. మళ్లీ నొక్కింది, మళ్లీ పడింది. ఆ గొర్రెల్ని వేలితో ఒక్కొక్కటే తాకి చూసి, మౌస్ మీది చేయి తీసేసింది.

"ఇది నాకొద్దప్పా. ఆశ పుడ్తాది."

ఆ రోజు ఆమె అన్నం తినలేదు. నేను మాత్రం ఆ మాట అలాగే రాసి పంపాను. రాసినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. గోరంట్ల వైపు నుంచి ఒక రైతు ఉత్తరం రాశాడు. "అయ్యా, ఆశ పుడుతుందన్న మీ మాట చదివి చాలాసేపు అట్లే కూర్చున్నాను. మీరు కరువు చూసిన మనిషని తెలిసింది. మీకు దండం" అని ఉంది. నేను చూసిన కరువంతా రైలు కిటికీలోంచి చూసిందే. వచ్చిన ఉత్తరాలన్నీ అత్తకు చదివి వినిపించేవాణ్ని గానీ, ఆ ఒక్కటీ సొరుగులో దాచేశాను. ఆ దండం ఎవరికి చెందాలో నాకు తెలుసు. అది చదివితే గొంతు నన్ను పట్టిస్తుందని భయం.

ఈ మధ్య ఏడాదిగా ఆమె వేళ్లు వణికేవి. రిమోటు పట్టుకోలేక, నన్ను ఆడమని తను చూసేది. చెప్పాలి, ఈ నెల చెప్పాలి, పండగకు చెప్పాలి అనుకుంటూనే ఉన్నాను. చెప్పలేదు. మట్టి చేసిన రోజు ఆ రైతు ఉత్తరం నా జేబులోనే ఉంది. కనీసం అక్కడైనా చదవాలనుకున్నాను. చుట్టూ బంధువులున్నారని మొహమాటపడి తీయలేదు.

మూడో రోజు వంటింట్లో కూర్చుని అమ్మతో అంతా చెప్పేశాను. అత్తను ఇన్నేళ్లు మోసం చేశానని, ఆమె నా తెలివే అనుకుని పోయిందని ఏడ్చాను. అమ్మ బియ్యం ఏరడం ఆపి నా ముఖం చూసింది.

"వదినకు తెలీదనుకుంటివేమిరా?"

కళ్లు తుడుచుకుని తలెత్తాను.

"మొదటి నెల నువ్వు సదివిన దినమే నాతో చెప్పె. 'నా మాటలన్నీ అల్లుడు పేపర్లోకి తోల్తాండాడు. నాకు తెలిసినట్ల అగుపిస్తే బెదిరి నిల్చిపోతాడు. వానిపాటికి వాన్ని పోనీ, ఎనకాల నేనుండా కదా' అనె. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు కూడా ఏయించుకునె."

అమ్మ మళ్లీ చేట అందుకుంది.

ఆ మధ్యాహ్నం అటక మీది పాత గేమ్ పెట్టె దించాను. క్యాసెట్టులో దుమ్ము ఊది, ఇద్దరు సిపాయిల ఆట పెట్టాను. ఒకరా ఇద్దరా అని తెర అడిగితే అలవాటుగా ఇద్దరని నొక్కాను. రెండో రిమోటు నా పక్కన, షాపు నుంచి ఇంటికి చేరిన బెంచీ మీదే ఉంది, మీటల సందుల్లో ఎర్రటి శెనక్కాయ పొట్టు అలాగే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. నా సిపాయిని నడిపించాను. వాడు తెర అంచుదాకా పోయి, అక్కడే కాళ్లాడిస్తూ ఉండిపోయాడు. ఎంత నొక్కినా తెర జరగలేదు. వెనక, మొదలుపెట్టిన చోటే, అత్త సిపాయి నిలబడి ఉన్నాడు.