పోయినవాళ్ళ పూచీ

అద్దెకు వచ్చే మనుషుల్లో ఎవరు మంచివాళ్ళో, ఎవరు కాదో తేల్చే పని మెట్లింటి అక్కయ్య జన్మలో చెయ్యలేదు. గుమ్మం ముందు నాలుగు పెద్ద మెట్లున్నాయి కాబట్టి వీధి వీధంతా ఆవిడని ఆ పేరుతోనే పిలిచేది. అద్దెకిచ్చే పక్క వాటా సంగతులన్నీ ఆవిడ ఇంటాయనే చూసుకునేవాడు. వచ్చినవాళ్ళతో మెట్ల మీదే కూర్చుని లోకాభిరామాయణం మాట్లాడేవాడు. లోపలికి తిరిగి "సరే" అంటే సరే. "చూద్దాం" అంటే లేనట్టే. వాటా కడిగి తాళంచెవి తెచ్చివ్వడం వరకే అక్కయ్య వంతు.

ఆయన పోయాడు. పోయిన కొన్నాళ్ళకే పక్క వాటా కూడా ఖాళీ అయింది. ఆ అద్దె వస్తేనే ఆవిడ పొయ్యి వెలిగేది.

చిన్నప్పుడు తమ్ముడు పుడితే వాణ్ణి ఎత్తుకోవడానికి బడి మానేసింది అక్కయ్య. అప్పటి నుంచీ ఆవిడ చంక ఖాళీగా ఉన్నది లేదు. తమ్ముడి తర్వాత చెల్లెళ్ళు, కాపురానికొస్తే లాగు వేసుకునే వయసు మరిది, ఆ తర్వాత మంచాన పడ్డ అత్తగారు. తనకంటూ పిల్లలు కలగలేదు. మొదటి నుంచీ ఆవిడ మాట్లాడేది తక్కువే. ఆయన పోయాక రోజంతా ఇంట్లో కుళాయి చప్పుడు తప్ప మరో మాట వినపడేది కాదు.

ఆవిడ పెంచిన ఆ మరిదే ఇప్పుడు ఓ కంపెనీలో లెక్కలు చూస్తాడు.

"వదినా, నీది వెన్నలాంటి మనసు. ఎవరైనా ముక్కు చీదితే తాళంచెవి కాదు, ఇల్లే రాసిచ్చేస్తావు. ఎవరొచ్చినా ముందు నాకు చెప్పు" అని గట్టిగా చెప్పి వెళ్ళాడు.

ఒక ఆదివారం పొద్దున్నే ఒకావిడ వచ్చింది. గోళ్ళు చిన్నగా కత్తిరించుకుని ఉంది. చేతులు సబ్బు వాసన వేస్తున్నాయి. ఇళ్ళకు వెళ్ళి, మంచాన పడ్డవాళ్ళ పక్కన ఉండి చూసుకునే ఆయమ్మనని చెప్పింది.

"నేనూ మా అత్తా. ఇద్దరమేనమ్మా."

"మీ ఆయన?"

"ఎటో వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ వాళ్ళమ్మని నాకు ఆస్తిగా ఇచ్చి వెళ్ళాడు" అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "మేముండే గదుల వరస పడగొట్టేస్తున్నారమ్మా. ఈ నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి. ఎక్కడికెళ్ళినా కాగితాలు అడుగుతున్నారు. ముసలామెను పెట్టుకుని నేనెక్కడ పడుకోను?" అంది.

కబురందుకుని మరిది వచ్చాడు. ఆయమ్మ పేరూ నంబరూ అడిగి ఫోనులో టకటకా నొక్కాడు. కాసేపు చూసి మొహం చిట్లించాడు.

"ఇందులో మనిషికి మార్కులొస్తాయి వదినా. అప్పులు తీర్చారా, ఎగ్గొట్టారా అన్నీ తెలుస్తాయి."

"తక్కువొచ్చాయా?"

"తక్కువ కాదు. అసలు ఇలాంటి మనిషే లేదంటోంది."

"అదేంటి నాయనా, ఎదురుగానే కూర్చుందిగా!"

ఆయమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. మరిది మాత్రం నవ్వలేదు. జీతం కాగితం ఉందా అని అడిగాడు. లేదు, చేతికే ఇస్తారు. బ్యాంకు పుస్తకం? లేదు. పాత ఇంటి యజమాని? పోయాడు, ఇల్లు కొన్నవాళ్ళు తన మొహమే చూడలేదు.

"పోనీ, పనిచేసిన చోట నీ గురించి చెప్పేవాళ్ళు?"

ఆయమ్మ తల అడ్డంగా ఊపింది. "నా పని అలాంటిది బాబూ. నా సంగతి బాగా ఎరిగినవాళ్ళంతా పోయారు."

"వాళ్ళ ఇళ్ళల్లో మిగిలినవాళ్ళుంటారుగా. నేనెళ్ళి కనుక్కొస్తాను" అంది అక్కయ్య. వదిన నోట అంత పొడుగు మాట విని ఎన్నాళ్ళయిందోనని మరిది కాదనలేకపోయాడు. కానీ వదలకుండా రెండు ప్రశ్నలు బట్టీ పట్టించాడు. మనిషి మాట మీద నిలబడుతుందా? ఇంట్లో ఏమైనా పోయాయా, పాడయ్యాయా?

ఆయమ్మ ఆఖరిసారి పనిచేసింది ఒక గడియారాలు బాగుచేసే ఆయన ఇంట్లో. ముందు కొట్టు, వెనక ఇల్లు. దారంతా అక్కయ్య ఆ రెండు ప్రశ్నలూ పెదాల మీద తిప్పుకుంటూనే వెళ్ళింది. తలుపు తీసిన ఆ ఇంటి కోడలు, అక్కయ్య వాడిపోయిన మొహం చూసీ చూడగానే రెండు చేతులూ పట్టుకుంది.

"రండి పిన్నిగారూ, రండి. ఇప్పుడే తెలిసిందా మీకు? మామయ్యగారు పోయి రెండు నెలలు కావస్తోంది."

నేను పరామర్శకు రాలేదమ్మా అని ఏ నోటితో అంటుంది? పరుపు తీసేసిన మంచం పక్కనే కుర్చీ వేస్తే కూర్చుంది. కొట్టు వదిలేసి కొడుకు కూడా వచ్చాడు. ఆ ముసలాయన కోపాలూ, చాదస్తాలూ వాళ్ళు చెబుతుంటే, తన ఇంటాయన గురించి ఇన్నాళ్ళూ ఎవరితోనూ చెప్పుకోనివన్నీ అక్కయ్యకు గొంతు దాకా వచ్చాయి. ఆ ఖాళీ మంచం ముందు కూర్చుని, ముక్కూ మొహం తెలియని మనిషి కోసం వలవలా ఏడ్చింది.

"ఆఖర్లో ఆయనకు పగలూ రాత్రీ తెలిసేది కాదండీ" అంది కోడలు. "అస్తమానం 'తెల్లారిందా?' అని ఒకటే అడగడం. మేం విసుక్కుని, ఆఁ తెల్లారింది పడుకోండి అనేవాళ్ళం. ఆయమ్మ మాత్రం అడిగిన ప్రతిసారీ లేచి కిటికీ దగ్గరికెళ్ళి, తెర తీసి చూసొచ్చి, 'ఇంకా లేదు బాబాయ్' అని చెప్పేది. ఎందుకే అన్నిసార్లు లేస్తావు, ఊరికే చెప్పొచ్చుగా అన్నాను. చూడకుండా చెబితే అబద్ధమైపోదా అమ్మా అంది."

అక్కయ్యకు బట్టీ పట్టిన ప్రశ్నలు రెండూ ఆవిరైపోయాయి. వేరే ప్రశ్న ఒకటి నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"పోయేముందు భయపడ్డారా?"

ఆసుపత్రిలో తన ఇంటాయన దగ్గరికి ఆవిడని పోనివ్వలేదు. అప్పటి నుంచీ ఆవిడని తొలిచేస్తున్నది ఆ ఒక్క సందేహమే.

"లేదండీ" అన్నాడు కొడుకు. "ఆయమ్మ చెయ్యి పట్టుకునే ఉంది. పోయాక కూడా చాలాసేపు వదల్లేదు."

ఇంటికొచ్చేసరికి మరిది మెట్ల మీద కాచుకుని ఉన్నాడు.

"అడిగావా?"

"మర్చిపోయాను."

"రెండూనా!"

"రెండూను. వాళ్ళు పరామర్శకు వచ్చాననుకున్నారు. కూర్చుని ఏడ్చి వచ్చాను."

మరిది నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "వదినా, వాకబుకని పంపిస్తే..."

అక్కయ్య అతని పక్కనే కూర్చుని కిటికీ సంగతి మొత్తం చెప్పింది. మరిది కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

"రేపు అద్దె ఇవ్వకపోతే?" అన్నాడు, ఈసారి మెత్తగానే.

"ఇవ్వలేని నెల వస్తే ముందే వచ్చి చెబుతుంది. నాకు ఆ మాట చాలు. పక్క వాటా ఆవిడకే."

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆవిడ తేల్చి చెప్పిన మొదటి మాట అది.

"అన్నయ్యయినా 'చూద్దాం' అనేవాడేమో!" అన్నాడు మరిది.

"అననీ" అంది అక్కయ్య.

అద్దె షరతులు వదినా మరిదీ కలిసి కాగితం మీద రాసుకున్నారు. అద్దె ఆలస్యమైతే ఒక నెల గడువు చాలన్నాడు మరిది, అక్కయ్య రెండు పెట్టించింది. నెలాఖరుకు ముందే ఒక తోపుడుబండి మీద సామాను వచ్చింది. రెండు మూటలు, ఒక కుర్చీ, ఆ కుర్చీలో కిరీటం లేని మహారాణిలా ముసలి అత్తగారు. బండి ఆగగానే ఆయమ్మ వంగి, చెవిటి అత్త చెవిలో వీధంతా వినపడేట్టు అరిచింది.

"అత్తా! ఇల్లు దొరికింది!"

"ఎవరికే?" అంది ముసలామె అంతకంటే గట్టిగా.

"మనకే!"

ముసలామె నమ్మలేనట్టు అక్కయ్య వైపు చూసింది. ఒక చెయ్యి ఆయమ్మ పట్టుకుంటే, అక్కయ్య వచ్చి ఆవిడ రెండో చెయ్యి పట్టుకుని దింపింది.