లాప్‌టాప్‌కు పెట్టిన గంధం

ఆ రోజు పది గంటలకు నా కూతురు కాలేజీలో ప్రాజెక్టు చూపించాల. చూపించకపోతే ఆ యేడాది చదువు పోయినట్టే. ఎనిమిదింటికి లాప్‌టాప్ ఆన్ చేస్తే, మామూలుగా తెరుచుకోకుండా తన్ను తానే పరీక్ష చేసుకుంటా బీప్ బీప్‌మని అరస్తా ఉండాది. ఆపి మళ్లీ వేసినా అదే తెర. "అంతా దీంట్లోనే ఉండాదిమా," అని బిడ్డ ఏడ్చేసింది.

ఉప్పళంలో మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన దగ్గరికి ఇద్దరం పరుగెత్తినాం. ఆయప్ప చూసి, "ఒక బటన్ కిందికి అతుక్కుపోయుండాది. అది నొక్కినట్టుంటే ఇది పరీక్షకే పోతాది. లోపల పసుపుపచ్చగా ఏంది అక్కా?" అన్నాడు.

మొన్న ఆయుధ పూజకు కుట్టుమిషనుకు, కత్తిపీటకు పెట్టినట్టే గంధం పలచగా కలిపి, లాప్‌టాప్‌కూ మూత తెరిచి బటన్ల మీద బొట్లు పెట్టినా. బిడ్డకు చెప్పలా.

"గంధం. నేనే పెట్టినా," అన్నా.

"పైన మూత అంత వెడల్పుండగా, లోపలే దొరికిందా నీకు!" అని నవ్వతా, బటన్ ఊడదీసి గుండుసూదితో గీకినాడు. మళ్లీ ఆన్ చేసినాడు. ఈసారి అరవలేదు. బిడ్డ ప్రాజెక్టు తెరిచి చూసుకుని, "ఆటో పిలువుమా," అనింది. నన్ను తిట్టేదానికి కూడా దానికి టైము లేదు.