కోసేసిన రీలులో మా అవ్వ

మేం చిన్నగా ఉన్నప్పుడు శామీర్‌పేట చెరువు కట్ట మీదికి సినిమా షూటింగ్ వచ్చిందంటే చాలు... బడి, తిండి, ఆట అన్నీ మరిచిపోయి కట్టెక్కి కూర్చునేవాళ్ళం.

అట్లా వచ్చిందే ఒక చిన్న సినిమా. పెద్ద హీరో లేడు, ఫైటింగుల్లేవు. పెళ్ళివాళ్ళ బస్సు దారిలో చెడిపోతే రెండు కుటుంబాలూ పడే తిప్పలే కథంతా. అప్పట్లో అట్లాంటివి ఎన్ని వచ్చేవో... ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వుకునేవి, కాసేపు కళ్ళు తుడుచుకునేవి. ఇప్పుడు పాత సినిమాల మీద ఎవరు పోస్టు పెట్టినా అవే పేర్లు, అవే హీరోలు. తిప్పి తిప్పి అవే! ఈ చిన్నవాటి పేరెత్తే దిక్కు లేదు. నాకు ఒళ్ళు మండిపోతుంది. ఎందుకంటే వాటిలో ఒకదాంట్లో మా అవ్వ ఉంది.

అవ్వ అంటే మా నాయినకు అమ్మ. కరీంనగర్ రోడ్డు మీద చేపలు అమ్మేది. ఆ షూటింగుకు చేపలావిడ వేషం వేయాల్సిన నటి రాలేదట. కట్ట కింద గంపతో కనబడిన అవ్వను పట్టుకొచ్చి కూర్చోబెట్టారు. పెళ్ళికొడుకు తండ్రి వేషం వేసినాయన ఆమెతో చేపలు బేరమాడాలి. ఆయన వేషంలో మరీ లీనమై చేపను తెగ నొక్కేశాడు. దాంతో అవ్వకు నేర్పిన డైలాగు కాస్తా గాల్లో కలిసిపోయింది.

"ఓ సారూ... సూస్తే సూడు, గట్ల పిసుకకు. శాప సచ్చింది గాబట్టి ఊకున్నది. నేనైతే ఊకుంటనా?"

అంతే... అక్కడున్న వాళ్ళంతా పగలబడి నవ్వారు. గొడుగు కింద కూర్చున్న డైరెక్టరుగారు లేచొచ్చి, "అమ్మా, ఈ మాటే ఉంచేస్తాను" అన్నారు. ఇక చూడాలి మా అవ్వను! గంప నెత్తిన పెట్టుకుని వాడవాడకూ ఆ ముచ్చటే చెప్పుకుంటూ తిరిగింది.

సినిమా మేడ్చల్ టాకీసుకు వచ్చింది. అవ్వ ఆరోజు చేపల జోలికే పోలేదు. పండక్కి కట్టే నీలం చీర కట్టుకుంది. వాడకట్టంతా ట్రాక్టరెక్కి పోయాం. హాల్లో మేం తప్ప పెద్దగా జనం లేరు. బస్సు ఆగింది... పెళ్ళివాళ్ళు దిగారు... అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గిప్పుడే వస్త సూడు బిడ్డా..."

తెర మీద బొమ్మ ఒక్కసారి ఎగిరింది. చూస్తే బస్సూ లేదు, చెరువూ లేదు... పందిట్లో తాళి కడుతున్నారు!

జనం రాని సినిమాకు ఆపరేటర్లు మధ్యలో ఒక రీలు ఎగ్గొట్టి షో తొందరగా ముగించేవాళ్ళట. మాకేం తెలుసు? అవ్వ లేచి నిలబడి, "ఏందిరా గిది... మా చెరువేది? నా ముచ్చటేది?" అని అరిచింది. బయటికొచ్చాక నాయిన నిలదీస్తే, "రేపు రండ్రి, మొత్తం ఏస్త" అన్నాడా ఆపరేటర్. మర్నాటికల్లా ఆ సినిమానే ఎత్తేశారు.

తిరిగి వస్తుంటే మా పక్కింటి యాదయ్య మామ మొదలుపెట్టాడు. "ఏందత్తా... నువ్వు జేసింది సిన్మాలనా, కలలనా?"

ట్రాక్టరంతా నవ్వులు. ఎంతటివాళ్ళకైనా మాటకు మాట అప్పజెప్పే అవ్వ ఆరోజు కొంగు మొహం మీదికి లాక్కుని కూర్చుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆమె ఏం చెప్పినా, "గీమె సిన్మాల జేసిందట గదా" అని నవ్వి తోసేసేవాళ్ళు. చచ్చినా అబద్ధమాడని మనిషిని పట్టుకుని!

నేను కాలేజీలో ఉన్నప్పుడు ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఆ సినిమా వేశారు. అవ్వ పోయి యాదయ్య మామను రెక్క పట్టుకుని లాక్కొచ్చి టీవీ ముందు కూర్చోబెట్టింది. ప్రకటనలు... మళ్ళీ ప్రకటనలు... ఎట్టకేలకు బస్సు ఆగింది. కరెంటు పోయింది! కోపం పట్టలేక టీవీని ఒక్కటి గుద్దాను కూడా.

ఈసారి మామ నవ్వలేదు. "ఉన్నవులే అత్తా... నమ్మిన" అన్నాడు.

"సూడనే సూడలే... ఎట్ల నమ్మినవ్?" అని అవ్వ లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ సినిమా చూసుకోకుండానే కొన్నేళ్ళకు కన్నుమూసింది మా అవ్వ.

మొన్న ఎవరో పుణ్యాత్ముడు పాత క్యాసెట్ నుంచి ఆ సినిమాను నెట్‌లో ఎక్కించాడు. ఫోను పట్టుకుని పరుగున యాదయ్య మామ దగ్గరికి పోయాను. ఆయనకు ఇప్పుడు చూపు ఆనదు. చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి. పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చెబుతూ వచ్చాను. బస్సు ఆగింది మామా... కట్ట వచ్చింది... గంప... అవ్వ! కొంగు నడుముకు దోపుకుని... మా అవ్వే!

అవ్వ నోరు తెరిచింది. "తాజా చేపలండీ బాబుగారూ, తీసుకోండి" అని ఎవరిదో సన్నటి గొంతు వినబడింది.

"గిది అత్త గాదే పిల్లా..." అన్నాడు మామ.

డబ్బింగులో మార్చేశారు. మా మాట పనికిరాదనుకున్నారేమో. కొత్తగా పెట్టిన డైలాగు పొట్టిది కదా, ఆ గొంతు ముందే ఆగిపోయింది. అవ్వ పెదాలు మాత్రం ఇంకా కదులుతూనే ఉన్నాయి. నాకు ఏడుపు ఆగలేదు. సౌండ్ బంద్ చేసి, వెనక్కి తిప్పి, ఆ పెదాలతో పాటు నేనే అన్నాను... "శాప సచ్చింది గాబట్టి ఊకున్నది. నేనైతే ఊకుంటనా?" ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు.

మామ నా చెయ్యి పట్టుకున్నాడు. "గిది... గిది అత్త మాట. మరి సిన్మాల ఎందుకు లేదే?"

ఇప్పుడు మా యాస ఉంటేనే సినిమా ఆడుతుందని వెతికి మరీ పెడుతున్నారు. అప్పుడు మా అవ్వది ఒక్క మాట ఉంచడానికి ఎవరికీ మనసు రాలేదు. మీ ఇళ్ళలో కూడా ఎవరైనా ఇట్లా ఆడని సినిమాల్లో చిక్కుకుపోయి ఉంటే, ఆ సినిమా పేరు ఇక్కడ రాయండి. పేరు గుర్తు లేకపోతే... వాళ్ళన్న మాటైనా రాయండి.